వెనకగది దాకా

పొయ్యి మీద టీ పొంగుకొచ్చే వేళకి హాల్లో రౌటరు ఆగిపోవడం ఆ ఇంట్లో కొన్నాళ్ళుగా జరుగుతున్న ముచ్చట. ఈ రెండింటికీ చుట్టరికం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సిన పెద్దమనిషి ఆ వేళకి ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చెయ్యి వంటింటి గుమ్మం దాటించి, హాలు వైపు గోడకున్న స్విచ్చు మీద వేలు పెట్టి ఉండేవాడు. నొక్కేవాడు. దీపాలు ఆరేవి. ఆర్పిన వేలే మళ్ళీ స్విచ్చు వేసేది. ఇక ఆ డబ్బా ఒళ్ళు విరుచుకుని లేచి, దీపాలు ఒక్కోటే వెలిగించుకుని, లోకంతో మాట్లాడే స్థితికి వచ్చేసరికి ఒక గ్లాసు టీ తాగేంత సేపు పట్టేది. ఆ ఒక్క గ్లాసు కోసమే ఇంత రాజకీయం.

ఆ పెద్దమనిషిని అందరూ మైకు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది ఆఫీసు కాయితాలు దాటి బయట తిరగలేదు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచీ ఎక్కడ దొరికిందో గొంతెత్తి చెప్పడం ఆయన ఉద్యోగం. రహస్యం చెప్పినా పక్కింటివాళ్ళు ఊఁ కొట్టేంత గొంతు. ఈ మధ్య ఆ పనిని మిషనులో నింపిన ఆడగొంతుకి అప్పజెప్పి ఆయన్ని ఇంటికి పంపేశారు. బస్టాండుకి ఆడగొంతు వచ్చింది, మా ఇంట్లో ఆడగొంతు పోయింది అని ఆయన కనిపించినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆ మాటలో రెండో సగం దగ్గర ఆగి ఆలోచించినవాళ్ళు లేరు.

పోయిన ఆడగొంతు భార్యది. ఆవిడ వెనకగదిలో తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఆరోగ్య బీమా కంపెనీకి వచ్చే ఫోన్లకి జవాబులు చెబుతుంది. ఆస్పత్రిలో చేరినవాళ్ళు, చేరబోయేవాళ్ళు, చేరి బిల్లు చూసి మళ్ళీ పడిపోయినవాళ్ళు. కస్టమర్లు కారోయ్, కష్టమర్లు అనేవాడు మైకు. ఫోన్లో వెనకనించి ఇంటి చప్పుడు వినపడకూడదని కంపెనీ నియమం. కుక్కరు కూతకీ, కుర్చీ జరుపుడుకీ, అన్నిటికంటే ముందు మైకుకీ నిషేధం. ఆవిడ పనిలో ఉన్నంతసేపూ ఆయన మునివేళ్ళ మీద నడిచేవాడు. చెంచా కింద పడితే దొంగలా వెనకగది వైపు చూసేవాడు. సాయంత్రం ఆవిడ బయటికి వచ్చేసరికి గొంతులో తడి ఉండేది కాదు. అడిగినదానికి తల ఊపడం, తినడం, పడుకోవడం. పరాయివాళ్ళకి పంచగా మిగిలిన మాటలు మొగుడికి రావాలి. మిగిలేవి కావు.

ఒకసారి నెట్టు దానంతటదే పోయింది. ఆవిడ హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని బయటికొచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన టీ తాగింది. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆవిడ నోటితో కాక భుజాలతో నవ్వుతుంది. మర్నాడు నెట్టు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. పోనిదాన్ని మనమే నెట్టాలి కాబోలు అనుకున్నాడు మైకు.

ఆ రోజు కూడా టీ పొంగింది, వేలు కదిలింది, దీపాలు ఆరాయి. మైకు స్టూలు సర్ది, గ్లాసు పెట్టి, పొద్దుటినించి నాలిక కింద దాచుకున్న మాటని సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ స్టూలు దాకా రాలేదు. తలుపుచెక్క పట్టుకుని అక్కడే ఆగింది. హెడ్‌సెట్ ఇంకా చెవులకే ఉంది.

"ఆస్పత్రి కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడుతోందండీ ఆవిడ" అంది. "వాళ్ళాయన్ని ఆపరేషనుకి తీసుకెళ్ళాలంటే మేమిచ్చే అనుమతి నంబరు కావాలి. సగం చెప్పాను. ఉండమ్మా, రాసుకుంటున్నా అంది. తెగిపోయింది."

మైకు నాలిక కింది మాట అక్కడే ఉండిపోయింది. మళ్ళీ చెయ్యొచ్చుగా అన్నాడు. ఇక్కణ్ణించి చెయ్యడానికి వీల్లేదనీ, ఆవిడే చెయ్యాలనీ, చేసినా ఎక్కడో ఇంకెవరికో తగులుతుందనీ, కథంతా మొదటినించి చెప్పుకోవాలనీ ఆవిడ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు నడవ మీదుగా, హాల్లో టీవీ పక్కనించి కనిపించే రౌటరు దీపాల మీదే ఉంది. చివరి దీపం పచ్చగా మారగానే లోపలికి వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కట్టింది. మైకు దాన్ని సింకులో పోసి, గ్లాసు కడిగి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

ఆ సాయంత్రం ఆవిడే తమ్ముడికి ఫోన్ చేసి రమ్మంది. ఇళ్ళకి నెట్టు బిగించడం అతని వృత్తి, బావగారిని ఆటపట్టించడం ప్రవృత్తి. మర్నాడు పొద్దున్నే వచ్చి, హాల్లో టీవీకీ గోడకీ మధ్య ఇరుక్కున్న రౌటరుని బయటికి లాగి, దాని దుమ్ము బావ భుజం మీది తువ్వాలుకే తుడిచాడు. దీపాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టి ఇల్లు చీకటిగా ఉందంటే ఎలా బావా అన్నాడు. ఆ తర్వాత ఫోను ముందుకు పట్టుకుని ఇల్లంతా నడిచాడు. అతని వెనక మైకు నడిచాడు. హాల్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. వంటింట్లో ఒకటి తగ్గింది. ఫ్రిజ్ దాటాక ఇంకోటి. నడవలో గోడ మందంగా ఉన్నచోట ఇంకోటి. వెనకగది తలుపు ముందు ఇద్దరూ ఆగారు. లోపల ఆవిడ ఎవరినో పుట్టినతేదీ అడుగుతోంది, అవతలివాళ్ళు తడుముకుంటుంటే, పరవాలేదండీ, నెమ్మదిగా చెప్పండి అంటోంది. ఆ నెమ్మది తనదాకా వచ్చి ఎన్నాళ్ళయిందో మైకు తలుపు ఇవతల నిలబడి లెక్క చూసుకోబోయి మానుకున్నాడు.

బావమరిది గొంతు తగ్గించి అన్నాడు. "సిగ్నల్ తక్కువే బావా. కానీ రోజూ ఒకే వేళకి తెగేంత తక్కువేం కాదు. ఎక్కడో లూజుంది."

"ఆ లూజుని నేనేలే" అన్నాడు మైకు అలవాటు కొద్దీ.

బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మైకుకి నవ్వు రాలేదు. జీవితమంతా హాస్యమాడిన మనిషికి ఇదొక ఇబ్బంది. నిజం చెప్పినా చప్పట్లే పడతాయి.

వంటింట్లో కూర్చుని బావమరిది మార్గాలు వివరించాడు. రౌటరుని ఎత్తులో, అడ్డం లేని చోట పెట్టడం మొదటి మెట్టు. అది చాలకపోతే చుట్టూ యాంటెన్నాలున్న పెద్ద డబ్బా ఒక్కటి కొనొచ్చు, కానీ ఎంత పెద్దదైనా గోడ గోడే. మధ్యలో రిపీటర్ అని ఒకటి పెట్టొచ్చు. అది ఇక్కడ విన్నది అక్కడ చెబుతుంది, చెప్పేలోపు వేగంలో సగం మింగేస్తుంది. మా పెద్దత్తయ్య అన్నమాట అన్నాడు మైకు. ఇంకోటి జంట డబ్బాలు. ఒకటి హాల్లో, ఒకటి వెనకగది దగ్గర, రెండింటికీ ఒకటే పేరు, మధ్యలో తీగ వేస్తే ఇంకా మేలు. ఒకే ఇంటిపేరు, వేరువేరు గదులు, ఇది మాత్రం అచ్చంగా సంసారమే అన్నాడు మైకు. ఈసారి తన మాట తనకే ఎక్కడో గుచ్చుకుంది. ఆలోచించి చెబుతానన్నాడు.

ఆలోచన పేరుతో ఒక రోజు గడిపాడు. వీధిలో కనిపించిన ప్రతివాణ్ణీ మీ ఇంట్లో ఏ రౌటరు అని అడిగాడు. ఫలానాది మంచిదని ఒకడంటే, అయితే అది వద్దు అనిపించింది. ఆయన అసలు భయం ఏ దుకాణంలోనూ చెప్పుకునేది కాదు. వెనకగదికి నెట్టు నిండుగా వెళితే ఆ తలుపు నిండుగా మూసుకుంటుంది. స్విచ్చు జోలికి మాత్రం పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. టీ కాచాడు. పొంగు వచ్చింది. చెయ్యి దాని పాటికి అది గుమ్మం దాటింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. తలుపు తెరుచుకోలేదు. రెండు గ్లాసుల టీ తనే తాగాడు.

ఆ మర్నాడు బావమరిది ఆయన్ని బండెక్కించుకుని దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడ డబ్బాలన్నీ యాంటెన్నాలు పైకెత్తి, వెల్లకిలా పడ్డ పురుగుల్లా ఉన్నాయి. దుకాణం మనిషి ఒక్కోటీ తీసి దాని మీద అచ్చేసిన వేగం చదువుతున్నాడు. ఆ అంకెలు నమ్మకు బావా, నీ ఇంటికొచ్చే కనెక్షన్ ఎంతో అంతకు మించి ఏ డబ్బా ఇవ్వదు అన్నాడు బావమరిది. ప్రతి దాంట్లో రెండు దారులుంటాయట. ఒకటి నిదానంగా వెళుతుంది, గోడలు దాటుతుంది. రెండోది పరుగెడుతుంది, గోడ కనపడితే చతికిలబడుతుంది. ఆర్డినరీ బస్సూ ఎక్స్‌ప్రెస్సూ అన్నాడు మైకు. దుకాణం మనిషి నవ్వాడు. ఆ నవ్వు ఆసరాగా మైకు ఇంకో డబ్బా తీయించాడు, దాని రంగు బాగాలేదన్నాడు, వచ్చే నెల కొత్తవి వస్తాయటగా అన్నాడు, రేంజి ఉన్నా రంజు లేదన్నాడు. బావమరిది చేతిలో డబ్బా బల్ల మీద పెట్టాడు.

"బావా, నువ్విలా డబ్బాలు తిరగేస్తూ కూర్చుంటే అక్క ఊరు దాటిపోతుంది."

మైకు ఏమిటన్నట్టు చూశాడు.

"అక్క నీతో చెప్పలేదా? లైను తెగుతున్నవాళ్ళకి ఇంటి దగ్గర పని ఇవ్వరట. పెద్దాఫీసుకి వెళ్ళి చెయ్యాలి. రాత్రంతా బస్సు ప్రయాణం. అక్కడే హాస్టల్లో ఉండాలి. ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించారు. మొన్న ఆ ఆస్పత్రి ఫోను తెగాక భయపడే నన్ను రమ్మంది."

దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. మైకు చేతిలో ఉన్న పెట్టెని ఎక్కణ్ణించి తీశాడో అక్కడే, దాని పక్క పెట్టెకి అంచు కలిసేలా సర్ది పెట్టాడు.

"వీటిల్లో అస్సలు తెగనిది ఏది?" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని బావమరిదికి అప్పటిదాకా తెలీదు.

గాలిలో వెళ్ళేదానికి ఎవరూ హామీ ఇవ్వరనీ, జంట డబ్బాలు పెట్టి, హాలునించి వెనకగది దాకా తీగ లాగి, అక్క కంప్యూటర్‌కి ఆ తీగే గుచ్చితే ఇక తెగడమంటూ ఉండదనీ అతను చెప్పాడు. మైకు బేరం కూడా ఆడలేదు. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ డబ్బాలు కూడా ఇమ్మన్నాడు.

ఆవిడకి సెలవున్న రోజు చూసి బిగించారు. బావమరిది నిచ్చెన మీద, మైకు నిచ్చెన కింద. తీగని నడవ పైన గోడ అంచునే తీసుకెళుతూ, జానెడుకొక మేకు కొట్టారు. మేకులందిస్తున్నది మైకు. మామూలుగా అయితే మైకూ మేకూ అని కనీసం అరగంట నడిపేవాడు. నోట్లో మేకులు పెట్టుకుని ఊరుకున్నాడు. ఆవిడ వెనకగది గుమ్మంలో నిలబడి, తీగ తన వైపు రావడం చూస్తూ ఉంది. రెండుసార్లు ఏదో అనబోయి, తమ్ముడి వైపు చూసి మానుకుంది. హాల్లో డబ్బాని టీవీ వెనకనించి తప్పించి ఎత్తుగా బల్ల మీద పెట్టారు. దాని ప్లగ్గు గుమ్మం పక్క స్విచ్చుకే గుచ్చబోతుంటే మైకు వద్దన్నాడు. ఆ స్విచ్చుకి దూరంగా ఇంకో చోటికి మార్చమన్నాడు. ఎందుకు, అది దగ్గరేగా అన్నాడు బావమరిది.

"ఎవరి చెయ్యీ తగలని చోట పెట్టు" అన్నాడు మైకు.

అంతా అయ్యాక బావమరిది ఫోను పట్టుకుని మళ్ళీ ఇల్లంతా తిరిగాడు. హాల్లో నిండుగా, వంటింట్లో నిండుగా, నడవలో, వెనకగదిలో, చివరికి దొడ్లో బట్టలు ఆరేసే తీగ దగ్గర కూడా నిండుగా ఉంది. కాకులు కూడా సినిమాలు చూసుకోవచ్చు అక్కా అన్నాడు. అతను వెళ్ళేదాకా ఆవిడ నవ్వుతూనే ఉంది, నోటితో.

అతని బండి చప్పుడు వీధి మలుపు తిరిగాక ఆవిడ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మైకు గోడ అంచున రాలిన సున్నం ఊడుస్తున్నాడు. ఊడ్చింది చాల్లెండి, కూర్చోండి అంది. ఆయన చీపురు వదల్లేదు. వదిలితే రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలియలేదు. ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

పెద్దాఫీసుకి రమ్మని ఉత్తర్వు వచ్చేసిందని ఆవిడ చెప్పింది. ఆ ఆస్పత్రి ఫోను తెగిన సాయంత్రమే వచ్చింది. మర్నాడు పొద్దున్న తమ్ముడు ఫోను పట్టుకుని గీతలు చూస్తున్నప్పటికే వచ్చింది. బాగు చేయించుకుంటున్నాం, ఒక్క అవకాశం ఇవ్వండి అని బతిమాలి చూసింది. ఇవాళ మధ్యాహ్నం జవాబు వచ్చింది. కుదరదు. రేపు బయల్దేరాలి. ఇంటికి రావడం నెలలో ఏ రెండు ఆదివారాలో.

"మరి బిగించనిచ్చావేం?"

"మీరు నిచ్చెన పట్టుకుని అంత శ్రద్ధగా నిలబడితే చెప్పలేకపోయానండీ."

మైకు చీపురు పుల్లల్ని నేలకి తట్టి సమం చేశాడు. బస్టాండంతా వినేలా అరిచిన గొంతుకి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి చెప్పే మాట బరువైపోయింది. "ఏమోయ్, ఆ స్విచ్చు..." అన్నాడు.

"తెలుసు" అంది ఆవిడ. "ముందు టీ వాసన వచ్చేది. తర్వాత నెట్టు పోయేది."

ఆవిడ తన అరచేతుల్లోకి చూసుకుంటూ మాట్లాడింది. మొదట్లో కోపం వచ్చిందట. తర్వాత ఆ వేళకి తనే టీ వాసన కోసం చూడటం మొదలుపెట్టిందట. అవతల ఎవరో తిడుతూ ఉండగా లైను తెగితే ప్రాణం లేచొచ్చేదట. ఒకటి రెండు సార్లు వాసన వచ్చాక ఫోను మాటల్ని తనే సాగదీసిందట, ఎలాగూ తెగుతుంది కదా అని. తలుపు తీసి, ఏవండీ, ఒక్క గ్లాసు టీ ఇవ్వండి అని అడగడం తనకీ చేతకాలేదట.

"మిమ్మల్ని ఒక్కళ్ళనే అనను. కానీ ఉండమ్మా, రాసుకుంటున్నా అన్న ఆ గొంతు ఉందే, అది మాత్రం నాకు చెవుల్లోంచి పోవట్లేదు. వాళ్ళాయన ఏమయ్యాడో మనకి ఎప్పటికీ తెలీదు. అది మాత్రం మనిద్దరం మొయ్యాల్సిందే."

ఆయన తల ఊపాడు. ఈసారి తల ఊపి ఊరుకున్నది ఆయన. ఆవిడ లేచి, పెట్టె సర్దుకోవడానికి వెళ్ళింది. మైకు వెనకే వెళ్ళి, మడతపెట్టిన బట్టలు ఒక్కోటే అందించాడు. హెడ్‌సెట్‌ని ఆవిడ వైర్లు చుట్టి పెట్టెలో పెట్టబోతే, తీసుకుని, చిక్కులు విప్పి, మళ్ళీ చుట్టి ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం బస్టాండులో ఆయన్ని గుర్తుపట్టినవాళ్ళు పలకరించారు. మిషను ఆడగొంతు ఆవిడ ఎక్కాల్సిన బస్సు వచ్చిందని చెప్పింది, ఆ ఊరికీ ఆ మనిషికీ తనకేం సంబంధం లేనట్టు, ఏ ఊరికైనా అదే స్వరంతో. మైకు పెట్టె పైన పెట్టి, కిటికీ పక్క సీటు తువ్వాలుతో తుడిచి దిగాడు. కింద నిలబడి ఏదో ఒకటి అందామనుకున్నాడు. బస్సు వెనక్కి తిరిగి, ముందుకు కదిలి, గేటు దాటింది. ఆయన ఇంకా మాట కోసం వెతుక్కుంటూనే ఉన్నాడు.

ఆవిడ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. చేరిన వారంలో అంతా మామూలు మాటలే. హాస్టల్లో మంచం పక్కనే కిటికీ. ఆఫీసులో పక్క సీటు పిల్ల మంచిది. మీరు తిన్నారా. ఆయన ఇల్లంతా తిరుగుతూ మాట్లాడేవాడు. ఏ గదిలో నిలబడినా మాట స్పష్టంగా వినిపించేది. చివరికి వెనకగదిలో, ఆవిడ కుర్చీలోనే కూర్చోవడం అలవాటైంది. ఎంత మాట్లాడినా ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. ఆయన గొంతు మాత్రం తగ్గిందే తగ్గింది.

ఒక సాయంత్రం ఆవిడ బొమ్మ కనపడేలా ఫోన్ చేసింది. హాస్టల్ మెట్ల మీద కూర్చున్నట్టుంది, వెనక ఎవరో ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఇక్కడ అందరికీ కలిపి ఒక్కటే రౌటరండీ, గదిలోకి అందదు, మెట్ల మీదికి రావాల్సిందే అంది. ముఖం కాస్త చిక్కింది. జుట్టు వేరేగా దువ్వుకుంది. ఈ ఆదివారం వస్తావా అని ఆయన అడగలేదు. అడిగితే ఒత్తిడి చేసినట్టవుతుందని, కూరగాయల ధరలు అడిగాడు. ఆవిడే అంది.

"అన్నట్టు, ఈ ఆదివారం సంగతి. ఇవాళ సూపర్‌వైజర్ని అడిగాను. ఆయన ఏమన్నాడంటే..."

బొమ్మ ఆగిపోయింది.

మాట కూడా ఆగింది. తెర మీద ఆవిడ ముఖం అలాగే ఉంది. పెదవులు కొంచెం విడి ఉన్నాయి, ఒక కనుబొమ్మ పైకి లేచి ఉంది. నవ్వబోతోందో, నొచ్చుకోబోతోందో, ఆ ముఖం ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఇలా ఆగితే కట్ చేసి మళ్ళీ చెయ్యి బావా అని బావమరిది నేర్పించాడు. మైకు బొటనవేలు ఎర్రగుర్తు దాకా వెళ్ళింది, ఆగింది.

ఇన్నేళ్ళ సంసారంలో ఆవిడ ముఖాన్ని ఇంత దగ్గర్నించి, ఇంతసేపు, ఆవిడకి ఇంకో పని లేకుండా చూసింది లేదు. చెవి పక్కన నాలుగైదు వెంట్రుకలు తెల్లబడ్డాయి. హెడ్‌సెట్ పట్టీ రోజంతా ఒత్తిన చోట, నెత్తి మీద, జుట్టు గాడిలా అణిగిపోయి ఉంది. ఫోను కదిపితే ఏమవుతుందోనని ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు బల్లకి ఆనించాడు. ఆ ముఖం ఏ క్షణాన కదిలినా ఆదివారం సంగతి తేలిపోతుంది. కదలనంతసేపూ ఆవిడ వస్తున్నట్టే.

వీధిలో ఎవరో మైకూ, మైకూ అని పిలిచారు. ఆయన పలకలేదు.